రిజర్వుడు సర్పంచ్ పదవి, కులవివక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎస్సీ, ఎస్టీ సర్పంచులు, వార్డు సభ్యులు, వాళ్ల పక్కన నిలబడాలనుకునే వాళ్ల కోసం ఈ పేజీ. సీటు రాజ్యాంగం ఇచ్చింది. ఆ సీట్లో గెలిచిన మనిషిని కుర్చీలో కూర్చోనివ్వని ఊళ్లు ఇంకా ఉన్నాయి. అక్కడ నోరు విప్పాలంటే ధైర్యం ఒక్కటే చాలదు. ఏ కాగితం, ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలో తెలియాలి.

కులవివక్షను జాతివివక్షతో కలిపి ఎందుకు మాట్లాడుతున్నారు?

2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష వ్యతిరేక సదస్సు జరిగింది. దళిత సంఘాలు అక్కడికి వెళ్లి, కులాన్నీ చర్చకు పెట్టాలని పట్టుబట్టాయి. కులం, జాతి ఒకటి కావని భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. మరుసటి ఏడాదే ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ తన 29వ సాధారణ సిఫార్సులో, కులంతో సహా పుట్టుకను బట్టి చూపే వివక్ష అంతర్జాతీయ ఒప్పందం పరిధిలోకే వస్తుందని తేల్చింది. తెలుగువాళ్లు బాగా స్థిరపడిన సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నిషేధించింది. రెండూ ఒకటేనా అన్న వాదన ఎలా ఉన్నా, ఊళ్లో జరిగే పని మాత్రం ఒకటే. ఎవరు ఎక్కడ కూర్చోవాలో పుట్టుకతోనే తేల్చేస్తారు. తర్వాత ఓటు వచ్చినా, పదవి వచ్చినా ఆ చోటు దాటనివ్వరు.

సర్పంచ్ పదవుల్లో రిజర్వేషన్ ఏ లెక్కన వస్తుంది?

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. దానితో చేరిన 243డి అధికరణం ప్రకారం వార్డు సభ్యుల్లోనూ, సర్పంచ్ పదవుల్లోనూ ఎస్సీ, ఎస్టీలకు జనాభా దామాషాలో వాటా ఉండాలి. మహిళలకు మూడో వంతుకు తగ్గకూడదని రాజ్యాంగం చెబితే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ దాన్ని సగానికి పెంచాయి. ఏ ఊరి పదవి ఎవరికన్నది మారుతూ ఉంటుంది.

అసెంబ్లీలోనూ రిజర్వుడు స్థానాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 175లో ఎస్సీలకు 29, ఎస్టీలకు 7. తెలంగాణలో 119లో ఎస్సీలకు 19, ఎస్టీలకు 12. కానీ ఎమ్మెల్యే కష్టం వేరు, సర్పంచ్ కష్టం వేరు. ఎమ్మెల్యేకి పార్టీ ఉంటుంది, గన్‌మన్ ఉంటాడు. సర్పంచ్ మాత్రం గ్రామసభలో తనను అవమానించినవాళ్ల పొలానికే మర్నాడు కూలికి వెళ్లాల్సి రావచ్చు.

రిజర్వుడు సీట్లో గెలిచినవాళ్లలో చాలామంది ఎందుకు మాట్లాడరు?

వాళ్లను తిట్టే ముందు ఓట్ల లెక్క చూడండి. సీటు ఎస్సీలదే అయినా ఓటర్లు ఊరంతా. దళితవాడలో మూడు వందల ఓట్లుండి, ఊళ్లో వెయ్యి ఉంటే, ఏ దళిత అభ్యర్థి గెలవాలో తేల్చేది ఊరే. నోరున్నవాళ్లను పక్కన పెట్టి, తమ పాలేరునో, తమకు బాకీ ఉన్నవాణ్ణో నిలబెడతారు. దళితులే ఓటేసి తమ ప్రతినిధిని ఎన్నుకునే ప్రత్యేక నియోజకవర్గాలు అంబేడ్కర్ కోరింది సరిగ్గా ఇందుకే. 1932 సెప్టెంబర్ 24న పూనా ఒప్పందంలో ఆ కోరిక వదులుకోవాల్సి వచ్చింది. బదులుగా రాష్ట్రాల శాసనసభల్లో 148 స్థానాలు దక్కాయి గానీ ఎన్నిక మాత్రం ఉమ్మడి ఓటర్ల చేతిలోకి పోయింది. పంచాయతీలోనూ నడుస్తున్నది ఆ ఉమ్మడి పద్ధతే.

మా ఊళ్లో ఈసారి జనరల్ వచ్చింది. అంటే ఓసీలదేనా?

కాదు. జనరల్ సీటుకు ఎస్సీ, ఎస్టీ, బీసీ ఎవరైనా పోటీ చేయవచ్చు. ఆడవాళ్లు కూడా చేయవచ్చు. "మీ వంతు పోయినసారి అయిపోయింది కదా" అన్నది చట్టంలో ఎక్కడా లేని మాట. ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థులకు డిపాజిట్ సగమే.

ఏకగ్రీవం చేద్దాం, నామినేషన్ వెనక్కి తీసుకో అంటున్నారు. ఏం చేయాలి?

మీ ఇష్టంతో తీసుకుంటే అది మీ హక్కు. బెదిరించి తీయిస్తే నేరం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సెక్షన్ 3(1)(ఎల్) దీనికోసమే ఉంది. బలవంతపెట్టో, బెదిరించో ఎస్సీ, ఎస్టీలను ఓటు వేయకుండా ఆపడం, ఫలానావాడికే వేయమనడం, నామినేషన్ వేయకుండా అడ్డుకోవడం, వేసింది వెనక్కి తీయించడం, ఇంకొకరి నామినేషన్‌ను ప్రతిపాదించకుండా ఆపడం అన్నీ దాని కిందికి వస్తాయి. గుడి కట్టిస్తామనో, రోడ్డు వేయిస్తామనో పదవిని వేలం పాడితే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ బదులు వచ్చిన కొత్త శిక్షా చట్టం) 170వ సెక్షన్ కింద అది ఎన్నికల లంచం.

ఉపసంహరణ గడువు దాటితే చేయగలిగింది బాగా తగ్గిపోతుంది. అందుకే బెదిరింపు వచ్చిన రోజే రిటర్నింగ్ అధికారికి రెండు ప్రతుల్లో రాసి ఇచ్చి, ఒకదాని మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకోండి. ఉపసంహరణ ఫారం మీద ముందుగానే సంతకం పెట్టి ఎవరి చేతికీ ఇవ్వకండి. చాలా నామినేషన్లు పోయేది అలా ఇచ్చిన కాగితంతోనే.

గెలిచాను. కుర్చీలో కూర్చోనివ్వరు, జెండా ఎగరేయనివ్వరు. ఇది ఏ నేరం?

అదే అత్యాచారాల నిరోధక చట్టంలో సెక్షన్ 3(1)(ఎం). పంచాయతీ సభ్యులుగా, సర్పంచ్‌గా ఉన్న ఎస్సీ, ఎస్టీలను విధులు చేయకుండా బెదిరించినా, బలవంతపెట్టినా, అడ్డుకున్నా ఇదే వర్తిస్తుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా.

ఈ సెక్షన్‌ను పోలీసులు మర్చిపోతుంటారు, బాధితులకూ తెలియదు. అందరూ వెంటనే కులం పేరుతో తిట్టారన్న (ఆర్), (ఎస్) క్లాజులకే పోతారు. ఆ రెండింటికీ పదిమందికీ కనిపించే చోట జరిగిందని నిరూపించాలి. (ఎం)కు ఆ షరతు లేదు. ఫోన్‌లో "ఆఫీసుకు వస్తే చూస్తా" అన్నా, ఇంటికి పిలిచి రాజీనామా రాయమన్నా, అసలు కులం పేరే ఎత్తకపోయినా, విధికి అడ్డం పడితే చాలు. ఫిర్యాదులో ఈ క్లాజు ముందుండాలి.

డిజిటల్ కీ నా దగ్గర లేదు. అది అంత పెద్ద విషయమా?

దానికంటే పెద్దది లేదు. చూడటానికి పెన్‌డ్రైవ్ లాంటి చిన్న వస్తువు. దాని లోపల మీ సంతకం ఉంది. ఆర్థిక సంఘం నిధులు ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్ ద్వారా పోతాయి. సాధారణంగా కార్యదర్శి తన కీతో బిల్లు పెడితే, సర్పంచ్ తన కీతో, పిన్ నంబరుతో ఆమోదిస్తారు. రెండు కీలూ ఒకే డ్రాయర్లో ఉండి, పిన్ చీటీ మీద రాసి కీకే అంటించి ఉంటే, ఆ పంచాయతీని నడిపేది ఆ డ్రాయర్ తాళం ఎవరి దగ్గర ఉందో వాళ్లు. రేపు సోషల్ ఆడిట్‌లో, విజిలెన్స్ విచారణలో డబ్బు తేడా వస్తే నోటీసు వచ్చేది మాత్రం మీకు.

కీ మీ ఇంట్లో ఉండాలి. పిన్ మీరే మార్చుకోవాలి. ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు మీదే కావాలి. చాలాచోట్ల కార్యదర్శిదో, ఊరి పెద్ద కొడుకుదో పెట్టి ఉంటుంది. అడిగినా కీ ఇవ్వకపోతే ఎంపీడీవోకి రాయండి: "నా డిజిటల్ కీ ఫలానా తేదీ నుంచి నా ఆధీనంలో లేదు. దాన్ని రద్దు చేసి కొత్తది ఇప్పించండి. ఈ తేదీ తర్వాత దానితో జరిగిన చెల్లింపులకు నా ఆమోదం లేదు." దీని నకలు ఒకటి జిల్లా పంచాయతీ అధికారికి పంపండి. ఈ కాగితమే రేపు మిమ్మల్ని కాపాడుతుంది.

తీర్మానాల పుస్తకం సంగతీ ఇంతే. ఖాళీ పేజీ అడుగున సంతకం పెట్టకండి. రాసిన చివరి వరుసకు, మీ సంతకానికి మధ్య జాగా ఉంటే గీత కొట్టండి. చదవడం ఇబ్బందైతే గట్టిగా చదివి వినిపించమని అడగండి. పని అయ్యాక ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఉపసర్పంచ్ చెక్కు మీద సంతకం పెట్టడం లేదు. వార్డు సభ్యులు నన్ను దించేస్తామంటున్నారు.

ఉపసర్పంచ్ పదవికి రిజర్వేషన్ లేదు, వార్డు సభ్యులు ఎన్నుకుంటారు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు అధికారాన్ని సర్పంచ్‌కూ, ఉపసర్పంచ్‌కూ కలిపి ఇచ్చింది. ఇది అన్యాయమన్నది మా అభిప్రాయం. రాజ్యాంగం ఒకరికి ఇచ్చిన పదవి ఇంకొకరి సంతకానికి బందీ అయింది. సంతకం నిరాకరిస్తే ప్రతిసారీ బిల్లు నంబరు, తీర్మానం తేదీ, నిరాకరించిన తేదీ రాసి ఎంపీడీవోకి, జిల్లా పంచాయతీ అధికారికి పంపండి. మూడు నాలుగు కాగితాలు చేరాక అది ఒక పద్ధతి ప్రకారం జరుగుతున్న అడ్డంకి అని చూపించవచ్చు. అప్పుడు (ఎం) క్లాజుకు బలం వస్తుంది.

దించేస్తామన్నది ఉత్త బెదిరింపు. సర్పంచ్‌ను ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు. రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీలో అవిశ్వాస తీర్మానం ఉపసర్పంచ్ మీదే కానీ సర్పంచ్ మీద ఉండదు. అయితే కలెక్టర్‌కు సస్పెండ్ చేసే అధికారం ఉంది. నిధుల దుర్వినియోగమనో, సమావేశాలు పెట్టలేదనో కారణం చూపిస్తారు. తెలంగాణలో గ్రామసభ రెండు నెలలకోసారైనా జరపాలి. కోరం రాకుండా చేసి ఆ తప్పు సర్పంచ్ మీద వేయడం పాత ఎత్తుగడ. నోటీసు ఇచ్చిన రుజువు, ఖాళీ కుర్చీల ఫొటో, హాజరు పట్టీ దాచిపెట్టండి.

ఫిర్యాదు ఎలా రాయాలి?

మీరెవరో మొదట: పేరు, కులం, ఏ పదవికి, ఎప్పుడు ఎన్నికయ్యారు. తర్వాత తేదీ, సమయం, చోటు. ఎవరు, ఏ పని చేస్తుండగా, ఏం చేశారు. నిందితులు ఎస్సీ, ఎస్టీలు కారని ఒక వాక్యం తప్పకుండా ఉండాలి. లేకపోతే కేసు అక్కడే నీరుగారుతుంది.

తిట్టినమాటను తిట్టినట్టే రాయండి. రాయడానికి సిగ్గుగా, బాధగా ఉంటుంది. అయినా "కులం పేరుతో దూషించారు" అని మర్యాదగా రాస్తే కోర్టులో ఆ వాక్యానికి విలువ ఉండదు. ఏ కులం పేరు, దాని వెంట ఏ మాట అన్నారో యథాతథంగా కావాలి. అక్కడ ఉన్నవాళ్లలో సాక్ష్యం చెప్పగలిగేవాళ్ల పేర్లు ఇవ్వండి. మీ బంధువులు కాని మనిషి ఒక్కరున్నా బలం.

కేసులు చెడేది ఎక్కువగా మూడు చోట్ల. కోపంలో ఇరవై మంది పేర్లు రాయడం ఒకటి. చేసింది నలుగురైతే ఆ నలుగురివే రాయాలి, మిగతా పదహారు మంది అబద్ధమని తేలితే నిజమూ కొట్టుకుపోతుంది. ఆలస్యానికి కారణం చెప్పకపోవడం రెండోది. పెద్దమనుషులు రాజీ అని ఆపి ఉంటే ఆ మాటే రాయండి. మూడోది, రాజీ కాగితం మీద చదవకుండా సంతకం.

ఎన్నిక ధ్రువపత్రం, కులధ్రువీకరణ పత్రం, సమావేశం నోటీసు జత చేయండి. నోటితో చెబితే పోలీసు రాసుకుని, మీకు చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. అది అత్యాచారాల నిరోధక చట్టం 4వ సెక్షన్‌లో ఉన్న బాధ్యత. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితం.

ఎస్సై తీసుకోవడం లేదు. ముందు విచారణ చేస్తానంటున్నారు.

ఈ చట్టం కింద ఎఫ్ఐఆర్‌కు ముందస్తు విచారణ అక్కర్లేదు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు అలాంటి విచారణ ఉండవచ్చని చెప్పినప్పుడు దేశమంతా ఆందోళన రేగింది. ఆ విచారణ అక్కర్లేదంటూ పార్లమెంటు అదే ఏడాది 18ఏ సెక్షన్ చేర్చింది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహిత (కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం)లోని 173(3) చూపించి 14 రోజులు ఆగమంటే, 18ఏ సంగతి గుర్తుచేయండి.

అప్పటికీ కదలకపోతే అదే ఫిర్యాదును 173(4) కింద ఎస్పీకి స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచండి. ఆ తర్వాత దారి కోర్టు. ఈలోగా 14566కి ఫోన్ చేయండి, అది ఈ చట్టం కోసమే పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్. ఫిర్యాదు నంబరు రాసుకోండి. సోమవారం కలెక్టరేట్లో తెలంగాణలోనైతే ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లోనైతే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, పర్యవేక్షణ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. మీ కేసును అజెండాలో పెట్టమని అడగండి. కావాలని నిర్లక్ష్యం చేసిన ఎస్సీ, ఎస్టీయేతర అధికారికి 4వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష ఉంది.

ఫోన్ వీడియో చెల్లుతుందా?

చెల్లుతుంది, సరిగ్గా దాస్తే. వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన వీడియో కాదు, తీసిన ఫోన్లోని అసలు ఫైలు కావాలి. కత్తిరించకండి, పాటలు కలపకండి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి, లాయరు రాయిస్తారు. తీసినవాళ్లు సాక్ష్యం చెప్పడానికి సిద్ధంగా ఉండాలి.

నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు జరిగిన దూషణ బహిరంగం కాదని 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. కాబట్టి పంచాయతీ ఆఫీసులో జరిగితే ఆ సమయానికి ఇంకా ఎవరెవరు ఉన్నారో, తలుపు తీసి ఉందో లేదో రాయడం అవసరం.

కేసు పెట్టాక ఊరు వెలివేసింది.

సాంఘిక, ఆర్థిక బహిష్కరణ 3(1)(జెడ్‌సీ) కింద విడిగా నేరం. బెదిరించడం కూడా నేరమే. ఎన్నిక తర్వాత దాడి చేసినా, వెలి పెట్టినా (ఎన్) క్లాజు ఉంది. దీన్ని ఆలస్యం చేయకండి. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపడానికి ముందు నడిచింది సాంఘిక బహిష్కరణే.

వెలిని నిరూపించడం కష్టం, ఎందుకంటే కాగితం మీద ఎవరూ రాయరు. ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ రోజు ఏ కొట్టులో ఉప్పూ పప్పూ అడిగితే లేదన్నారు, ఏ రైతు కూలి మాన్పించాడు, ఏ ఆటో ఎక్కించుకోలేదు, మంగలి ఏమన్నాడు, మీతో మాట్లాడినందుకు ఎవరికి ఎంత జరిమానా వేశారు. దండోరా వేయిస్తే ఆ గొంతు రికార్డు చేయండి. ఉపాధి పని కావాలని రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. తహసీల్దారుకు, ఆర్డీవోకు సరుకులు, రక్షణ కోరుతూ అర్జీ పెట్టండి. ప్రతి నెలా 30న ఏదో ఒక ఊళ్లో పౌరహక్కుల దినం జరపాలి, తహసీల్దారు, ఎస్సై రావాలి. ఆ సభ మీ ఊళ్లో పెట్టమని అడగండి.

తర్వాత ఏం జరగాలి?

డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి, 60 రోజుల్లో ముగించాలి. ముందస్తు బెయిలుకు 18వ సెక్షన్ అడ్డు చెబుతుంది. అవతలివాళ్లు బెయిలు అడిగితే మీకు నోటీసు రావాలి, మీ మాట వినాలి. ఈ చట్టంలోని 15ఏ సెక్షన్ ఇచ్చిన హక్కు అది. నోటీసు లేకుండా బెయిలిస్తే హైకోర్టుకు వెళ్లవచ్చు. పరిహారం విడతలుగా వస్తుంది: చాలా నేరాలకు ఎఫ్ఐఆర్ దగ్గర కొంత, చార్జిషీటుకు కొంత, శిక్ష పడ్డాక మిగతాది. మొదటి విడత కోసం సాంఘిక సంక్షేమ శాఖ చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఎఫ్ఐఆర్, కులపత్రం, బ్యాంకు పాస్‌బుక్కు ప్రతులు నాలుగైదు సెట్లు చేసి పెట్టుకోండి.

చర్చికి వెళ్తాం. మాకు ఈ చట్టం వర్తిస్తుందా?

జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఇది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవాళ్లకే ఎస్సీ హోదా. పాస్టర్‌గా పనిచేస్తున్న వ్యక్తి ఈ చట్టం కింద పెట్టిన కేసును ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో కొట్టేసింది. అవతలి లాయరు మొదట వెతికేది దీన్నే. ఎస్టీలకు మతం షరతు లేదు.

అడ్డుపడేవాళ్లూ ఎస్సీలే అయితే? సర్పంచ్ బీసీ అయితే?

రెండు సందర్భాల్లోనూ ఈ చట్టం రాదు. భారతీయ న్యాయ సంహితలో ప్రభుత్వ సేవకుల విధికి అడ్డుపడటానికి 221, చేయి చేసుకుంటే 132, బెదిరిస్తే 351 ఉన్నాయి.

ఏజెన్సీలో సర్పంచులంతా ఎస్టీలే కదా, అక్కడ సమస్య ఏముంది?

అవును, ఐదో షెడ్యూలు ప్రాంతంలో, అంటే ఏజెన్సీలో, గిరిజన పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టం ప్రకారం సర్పంచ్ పదవులన్నీ ఎస్టీలవే, వార్డుల్లో సగానికి తగ్గకూడదు. కానీ మిగతా వార్డుల నుంచి వచ్చిన గిరిజనేతర ఉపసర్పంచ్, ఇసుక కాంట్రాక్టరు కలిసి గ్రామసభ తీర్మానం తామే రాయించుకుంటారు. ఆ తీర్మానం ప్రతిని, హాజరు సంతకాలను సమాచార హక్కు కింద అడగండి. రెండు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, 30 రోజుల్లో ఇవ్వాలి. చనిపోయినవాళ్ల వేలిముద్రలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి, ఫిర్యాదు చేయండి.

మేం సర్పంచులం కాదు. ఏం చేయగలం?

తమిళనాడు చూడండి. మధురై జిల్లా మేలవళవులో దళిత పంచాయతీ అధ్యక్షుడు మురుగేశన్‌ను, మరో ఐదుగురిని 1997 జూన్ 30న చంపేశారు. అదే జిల్లాలోని పాపాపట్టి, కీరిపట్టి ఊళ్లలో 1996 నుంచి పదేళ్లు దళిత అధ్యక్షుణ్ణి పనిచేయనివ్వలేదు. నామినేషన్ వేసేవాళ్లు ఉండేవాళ్లు కాదు, గెలిచినవాడు వెంటనే రాజీనామా చేసేవాడు. 2006లో జిల్లా యంత్రాంగం ఊరూరా కూర్చుని మాట్లాడి ఎన్నికలు జరిపించింది. దళితులు ఒంటరిగా పదేళ్లు మోసిన భారం, మిగతావాళ్లు కదిలాక కొన్ని నెలల్లో తేలికైంది.

మీ ఊళ్లో గ్రామసభ ఉన్నరోజు వెళ్లి కూర్చోండి. కోరానికి మీరు ఒక లెక్క. సర్పంచ్ నేల మీద కూర్చుని ఉంటే కుర్చీ తెచ్చి వేయండి, అది జరిగిన సమయం రాసుకోండి. సాక్షిగా పేరు అడిగితే ఇవ్వండి. స్టేషన్‌కు వెళ్లేటప్పుడు బండి మీద దింపండి, ఫిర్యాదు ఇచ్చి బయటికొచ్చేదాకా గేటు దగ్గర ఉండండి. ఫేస్‌బుక్‌లో పెట్టే ముందు బాధితురాలిని అడగండి. ఆమె వద్దంటే వీడియో పెట్టకండి, లాయరుకు మాత్రం పంపండి.